రాజుగారి బొమ్మ, డెల్ఫ్ట్ పనితనం

ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ పొట్టివాడు. అయిదడుగుల నాలుగంగుళాలకు మించడని చెబుతారు. చిన్నప్పుడు కాళ్ళు బలహీనం. నడక ఆలస్యంగా వచ్చింది, మాట ఇంకా ఆలస్యంగా వచ్చింది, వచ్చిన మాటకు నత్తి తోడయింది. 1600లో స్కాట్లండులోని డన్‌ఫర్మ్‌లైన్‌లో పుట్టినప్పుడు ఈ పిల్లాడు రాజవుతాడని ఎవరూ లెక్క వెయ్యలేదు. పైన హెన్రీ అనే అన్న ఉన్నాడు, చక్కటి ఒడ్డూ పొడుగూ. ఆ అన్న 1612లో జ్వరంతో పోయాడు. 1625లో తండ్రి జేమ్స్ పోయాడు. కిరీటం ఈ బక్కపలచని మనిషి నెత్తికెక్కింది. ఇక ఇతన్ని నిలువెత్తు కాన్వాసు మీద నిలబెట్టాలి, ఎదుట నిలబడినవాడు తనకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. ఆ పని హాలండు నుంచి వచ్చిన డేనియల్ మైటెన్స్ అనే చిత్రకారుడికి పడింది.

నేను బందరువాణ్ణి. డ్రాయింగు మాస్టారుగా పనిచేస్తూ, బడి అయ్యాక ఆయిల్ పోర్ట్రెయిట్లు వేసి సంసారం ఈదినవాణ్ణి. గాంధీగారు, అంబేడ్కర్‌గారు, స్కూలు కట్టించిన దాతలు, పోయిన తాతలు, అధికారంలోకి వచ్చిన ప్రతి ముఖ్యమంత్రీ నా చేతిమీదుగా గోడలెక్కారు. మా అమ్మాయి లండన్‌లో ఉంటుంది. వెళ్ళినప్పుడు అల్లుడు నన్ను నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి తీసుకెళ్ళాడు. అక్కడుంది ఈ బొమ్మ. మైటెన్స్ 1631లో వేసినది. ఏడడుగులకు పైగా ఎత్తు, నాలుగున్నర అడుగుల వెడల్పు.

"మావయ్యగారూ, ఈయన మొహంలో ఏదో దిగులు కనిపిస్తోందండీ. ముందే తెలిసిపోయిందంటారా, తల తీసేస్తారని?" అన్నాడు అల్లుడు.

"దిగులు కాదు బాబూ, నిలబడి నిలబడి విసుగు" అన్నాను.

నవ్వులాటకే అన్నా అందులో నిజం లేకపోలేదు. చార్లెస్ బొమ్మ కనబడగానే అందరూ ఆ మొహంలో 1649 నాటి గొడ్డలిని వెతుకుతారు. మైటెన్స్ కుంచె పట్టిన నాటికి ఆ గొడ్డలి ఎవరి ఊహలోనూ లేదు. ఆయన ముందున్నది ముప్ఫై ఏళ్ళ యువకుడు, మర్యాదస్తుడు, మాట తక్కువ మనిషి. పక్కన బల్ల మీద రాజచిహ్నాలు పెట్టి, చేతికి కర్ర ఇచ్చి, కాళ్ళకు స్పర్సు ఉన్న తోలు బూట్లతో నిలబెట్టాడు. కిరీటం తల మీద లేదు, బల్ల మీద ఉంది. తల మీద పెడితే మొహం చిన్నదవుతుంది, ఇది బొమ్మలు వేసేవాడికి తెలిసిన సంగతి.

ఆ బూట్ల దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. తోలు మడతల్లో ఒక్కో మడతకూ వెలుగు వేరు. మడమ బరువు నేలకు ఆనిందో లేదో బొమ్మలో తెలియాలి, తెలియకపోతే మనిషి గాల్లో తేలిపోతాడు. మైటెన్స్ రాజు నేలమీద ఉన్నాడు. చార్లెస్ పసివాడుగా ఉన్నప్పుడు కాళ్ళు గట్టిపడాలని ఇనుప బూట్లు తొడిగిద్దామని తండ్రి పట్టుబట్టాడట, పెంచుతున్న లేడీ కేరీ ఒప్పుకోలేదట. ఆమె మొగుడు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఇనుప బూట్లు తప్పించుకున్న ఆ కాళ్ళే ఇవి. ఎముకల బలహీనతను తోలు కింద దాచాడు గాని, లేని బలాన్ని మైటెన్స్ పుట్టించలేదు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే.

మైటెన్స్ డెల్ఫ్ట్ ఊళ్ళో 1590 ప్రాంతంలో పుట్టాడు. 1610లో ది హేగ్ నగరంలోని సెయింట్ ల్యూక్ సంఘంలో సభ్యుడయ్యాడు. చిత్రకారుల కుల సంఘం లాంటిది అది, అందులో పేరు లేనిదే ఊళ్ళో దుకాణం పెట్టి బొమ్మలమ్మడానికి వీల్లేదు. అప్పటికి డెల్ఫ్ట్‌లో మీరెవెల్ట్ అనే ఆయన పెద్ద పోర్ట్రెయిట్ కార్ఖానాయే నడుపుతున్నాడు. మారిస్ ప్రభువు మొహం ఒకసారి చూసి వేసుకుంటాడు, దాన్ని అచ్చుగా పెట్టుకుని శిష్యులు ఎన్ని కావాలంటే అన్ని తీస్తారు. మున్సిపాలిటీకొకటి, రాయబారికొకటి, సేనానికొకటి. హాలండులో అప్పుడు రాజు లేడు, రాజులాంటి సేనానాయకుడు ఈ మారిస్ ఉన్నాడు. కానీ బొమ్మలకు గిరాకీ రాజులకు మించి ఉంది. మైటెన్స్ ఆ గాలి పీల్చి పెరిగినవాడు.

1618 నాటికి లండన్ చేరాడు. ముందు దొరికిన ఆసామి అరండెల్ ప్రభువు. ఇటలీ తిరిగొచ్చి పాతకాలం పాలరాతి విగ్రహాలు పోగేసిన పిచ్చివాడు, మంచి అర్థంలోనే అంటున్నాను. ఆయన్నీ ఆయన భార్య అలేతియానూ జంట చిత్రాలుగా వేశాడు మైటెన్స్. భర్త వెనక విగ్రహాల వరండా, భార్య వెనక చిత్రాల వరండా. అదే ఏడు ఆగస్టులో హేగ్‌లో ఉన్న ఇంగ్లండు రాయబారి కార్ల్‌టన్‌కు మైటెన్స్ ఒక ఉత్తరం రాశాడు. పెద్ద బొమ్మలు వదులుకోవడం ప్రభువుకు ఇష్టం లేదు గనక చిన్న సైజులో వేసి పంపుతున్నానని అందులో సారాంశం. మా వృత్తిలో ఇప్పటికీ రోజూ నడిచే మాటే. అసలు ఒకరింట్లో ఉంటుంది, నకలు ఇంకొకరికి కావాలి, మధ్యలో మనం.

1624లో జేమ్స్ రాజు ఏటా 50 పౌన్ల పింఛను రాసిచ్చాడు, జీవితాంతం. అయితే ఒక మెలిక: రాజు అనుమతి లేకుండా దేశం దాటరాదు. డబ్బిచ్చి కట్టేసుకోవడమన్న మాట. మరుసటేడు చార్లెస్ రాజయ్యాక మైటెన్స్ దర్బారు చిత్రకారుడయ్యాడు. అప్పటిదాకా ఇంగ్లండులో నిలువెత్తు బొమ్మలంటే బట్టల కొట్టు కిటికీయే. జరీ, లేసు, ముత్యాలు, బూటు మీద గులాబీ పువ్వు అన్నీ ఉంటాయి. వాటి మధ్య మొహం కూడా ఒకటి అతికించి ఉంటుంది. గాలి ఆడదు. మైటెన్స్ వచ్చాక మనిషి చుట్టూ చోటు పుట్టింది, నీడ నేలమీద పడింది, చొక్కా లోపల ఒళ్ళు ఉందని తెలిసింది. ఇంగ్లీషు చిత్రకళ చరిత్రలో ఆయనకు రెండు పేజీలే ఇస్తారు గాని, ఆ రెండు పేజీలు లేకపోతే తర్వాతి యాభై పేజీలు లేవు.

దర్బారు చిత్రకారుడి ఉద్యోగమంటే రాజును ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రేరణ కోసం ఎదురుచూడటం కాదు. రాజు కూర్చునేది ఎప్పుడో, అదీ కాసేపు. తక్కినదంతా నకళ్ళు. రాయబారి పరదేశం వెడుతుంటే రాజు బొమ్మ కావాలి, బావమరిది రాజుకు కానుక కావాలి, విశ్వాసం చాటుకోవాలనుకునే జమీందారు హాల్లో కావాలి. మొహం ఒకటే. డ్రెస్సు మారుతుంది, వెనక తెర మారుతుంది, స్తంభం వస్తుంది, పోతుంది. న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియంలో 1629 నాటి చార్లెస్ ఉన్నాడు, అదీ మైటెన్సే. ఇటలీలో ట్యూరిన్ గ్యాలరీలో ఇంకొక చార్లెస్ ఉన్నాడు. అందులో రాజు వెనకనున్న భవనమంతా హెండ్రిక్ వాన్ స్టీన్‌విక్ పని. స్తంభాలూ తోరణాలూ వెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు అతను. అతని భవనంలో మైటెన్స్ రాజును తెచ్చి నిలబెట్టాడు. మా రోజుల్లో సినిమా బ్యానర్ల షెడ్డులో కూడా మొహాలు వేసే పెద్దాయన వేరు, అక్షరాలు రాసేవాడు వేరు, బ్యాక్‌గ్రౌండు పూసే కుర్రాళ్ళు వేరు. కూలి కూడా అదే వరసలో.

నకలు ఎలా తీస్తారంటే, నూనె పట్టించి పారదర్శకం చేసిన కాయితాన్ని అసలు మీద పరిచి గీతలు ఎత్తుకుంటారు. గీతల వెంట సూదితో పొడిచి, కొత్త కాన్వాసు మీద పెట్టి, మసి మూటతో అద్దుతారు. చుక్కలు దిగుతాయి, చుక్కలు కలిపితే మొహం దిగుతుంది. ఇది హాలండు విద్యో ఇటలీ విద్యో అనుకోనక్కర్లేదు. మా బందరు, పాలకొల్లు కలంకారీ అద్దకం వాళ్ళూ కాయితానికి చిల్లులు పొడిచి బొగ్గుపొడి అద్ది పువ్వులు దించారు. గోల్కొండ చిత్రకారులు జింకతోలు పొర మీద ఎత్తుకున్నారు. నేనైతే గళ్ళు కొట్టుకునేవాణ్ణి. ఒకసారి ఒక పురపాలక సంఘం వారు పదవిలోకి వచ్చిన నాయకుడి బొమ్మలు వరసగా ఆర్డరిచ్చారు. వేసి ఇచ్చేలోగా ప్రభుత్వం మారింది. బిల్లు ఫైలు ఎక్కడుందో ఆ ఫైలుకే తెలియాలి.

నకళ్ళ మాటెత్తితే మన దేశపు కథ ఒకటి చెప్పాలి. జేమ్స్ రాజు రాయబారి సర్ థామస్ రో 1616లో జహంగీరు దగ్గర ఉన్నాడు. తన దగ్గరున్న చిన్న ఇంగ్లీషు చిత్రాన్ని చూపించి ఇలాంటిది మీవాళ్ళు వెయ్యలేరన్నాడు. జహంగీరు చిత్రకారులు అయిదు నకళ్ళు తీసి, అసలుతో కలిపి రాత్రి దీపాల వెలుగులో బల్ల మీద పరిచారు. అసలు ఏదో తేల్చుకోవడానికి రో తడుముకోవలసి వచ్చిందని ఆయనే డైరీలో ఒప్పుకున్నాడు. రో తెచ్చిన కానుకల వల్లనే జేమ్స్ మొహం కూడా మొగలు కార్ఖానాకు చేరిందంటారు. బిచిత్ర్ అనే చిత్రకారుడు దాన్ని తీసుకెళ్ళి జహంగీరు కాళ్ళ దాపున, ఒక సూఫీ ముసలాయనకూ టర్కీ సుల్తానుకూ దిగువన పెట్టాడు. ఇంగ్లండు నుంచి బయల్దేరినప్పుడు ఆ బొమ్మ ఒక రాజు ఘనతకు దస్తావేజు. ఆగ్రా, అజ్మీరు చేరేసరికి పాదుషా ఘనతకు సాక్షి సంతకం.

ఇక రంగుల సంగతి. నాకు ట్యూబులు దొరికాయి, మైటెన్స్‌కు లేవు. పొడి కొనాలి, రాతి మీద నూరాలి, అవిసె నూనె కలపాలి. ఆ కాలం కాన్వాసుకు ప్రాణం సఫేదా, సీసంతో చేసినది. హాలండులో దాన్ని చేసే పద్ధతి వింటే ముక్కు మూసుకుంటారు. సీసపు రేకులను చుట్టగా చుట్టి, అడుగున వెనిగర్ పోసిన మట్టి కుండల్లో పెట్టి, ఆ కుండలను గుర్రపు పెంట గుట్టలో వారాల తరబడి కప్పేస్తారు. పెంట వేడికి వెనిగర్ ఆవిరవుతుంది, పెంటలోంచి వచ్చే గాలి దానికి తోడవుతుంది, సీసం మీద తెల్లటి పొక్కు కడుతుంది. దాన్ని గీకి కడిగి నూరితే రాజుగారి మెడ చుట్టూ ఉన్న లేసు కాలరు. పనిచేసినవాళ్ళకు విషం, చూసినవాళ్ళకు వెన్నెల. ఎరుపుకు ఇంగిలీకం, దాని మీద పల్చగా లక్క రంగు. లక్క తూర్పు నుంచి ఓడల్లో వెళ్ళే సరుకే. నీలానికి ఖరీదైన రాళ్ళు కొనలేనివాళ్ళు కోబాల్టు గాజును పొడి కొట్టి వాడుకునేవాళ్ళు. అది నూనెలో కలిస్తే కాలం గడిచేకొద్దీ బూడిద రంగుకు తిరుగుతుంది. నీలిమందు కూడా వాడారు, వెలుతురు తగిలితే అదీ వెలిసిపోతుంది. ఆనాటి డచ్చి బొమ్మల్లో ఇప్పుడు మబ్బు పట్టినట్టున్న ఆకాశాలు కొన్ని వేసిననాడు నిర్మలంగా ఉండేవి. వాళ్ళ దేశపు వాతావరణాన్ని మనం ఉత్తపుణ్యానికి ఆడిపోసుకుంటున్నాం.

డచ్చివాళ్ళు మా ఊరివాళ్ళు కూడా. బందరులో వాళ్ళు దుకాణం తెరిచింది 17వ శతాబ్ది మొదటి దశకంలోనే. వలందపాలెం ఇప్పటికీ ఉంది, వాళ్ళ సమాధులూ ఉన్నాయి, వంశ చిహ్నాలు చెక్కిన నల్లరాతి పలకలతో. 1611లో ఇంగ్లీషువాళ్ళూ దిగారు. చార్లెస్ గద్దెనెక్కిన మరుసటి ఏడు, 1626లో, గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా గద్దెనెక్కాడు, పసివాడు. అదే ఏడు నెల్లూరు తీరంలో దుగరాజపట్నం దగ్గర ఇంగ్లీషువాళ్ళు చిన్న కోట కట్టుకున్నారు. 1639లో అక్కణ్ణుంచే ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెళ్ళి దామెర్ల వెంకటప్ప నాయకుడి దగ్గర మద్రాసు తీరం పట్టా పుచ్చుకున్నాడు. లండన్‌లో చార్లెస్ పార్లమెంటు ఊసు లేకుండా ఒంటిచేత్తో పాలిస్తున్న రోజులవి.

అబ్దుల్లాకూ బొమ్మలు వేశారు. నూనె రంగుల్లో కాదు, కాయితం మీద జిగురు రంగుల్లో, అరచేతిలో ఇమిడేలా. వాటిని కొన్నవాళ్ళలో డచ్చివాళ్ళు ముందున్నారు. 1686 ప్రాంతంలో గోల్కొండలో తయారైన ఒక ఆల్బం ఆమ్‌స్టర్‌డామ్ మేయరు నికొలాస్ విట్సెన్ ఇంటికి చేరింది. 49 బొమ్మలు. మొగలు పాదుషాలు, దక్కను సుల్తానులు, శివాజీ, అందరూ పక్కచూపుతో, ఒకే కొలతలో. ఇప్పుడది ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ఉంది. మరుసటేడే ఔరంగజేబు గోల్కొండ కోట పట్టుకున్నాడు. ఆ బొమ్మలు వేసిన చేతులు ఎవరివో పేర్లు లేవు. లండన్‌లో హాలండువాడు ఇంగ్లీషు రాజు మొహాన్ని వరసగా తీశాడు, గోల్కొండలో మనవాళ్ళు హాలండువాళ్ళ కోసం మన రాజుల మొహాలు వరసగా తీశారు. దూరంగా ఉన్న రాజు ఎలా ఉంటాడో చూడాలనే కుతూహలమే రెండు చోట్లా చిత్రకారుడికి తిండి పెట్టింది.

మైటెన్స్ తిండి మాత్రం మరీ గట్టిగా లేదు, ఎందుకంటే రాజు చేతిలోనే డబ్బాడేది కాదు. 1629లో చార్లెస్ పార్లమెంటును రద్దు చేశాడు, పదకొండేళ్ళు మళ్ళీ పిలవలేదు. పన్ను వెయ్యాలంటే పార్లమెంటు కావాలి, పార్లమెంటు ఉంటే అడిగేవాడుంటాడు. ఇంకోవైపు చేతికి ఎముక లేదు. 1627, 28 సంవత్సరాల్లో ఇటలీలోని మాంటువా పాలకుల చిత్రాల భాండాగారాన్నే బేరమాడి కొనేశాడు, టిషియన్, రాఫెల్‌లతో సహా. ఆయన ఎంత ఇరకాటంలో పడ్డాడో చెప్పడానికి మిరియాల కథ ఒక్కటి చాలు. 1640లో ఈస్టిండియా కంపెనీ గోదాముల్లో ఉన్న మిరియాలను, ఆరు లక్షల పౌన్ల పైచిలుకు తూకం, పౌను రెండు షిల్లింగుల ఒక పెన్నీ చొప్పున అప్పు మీద తీసుకున్నాడు. వెంటనే ఒక షిల్లింగు ఎనిమిది పెన్సుకు నగదుకు అమ్మేశాడు. కంపెనీకి 63,283 పౌన్ల బాకీ, రాజు చేతిలో 50,626 పౌన్ల రొక్కం. ఇలాంటి వ్యాపారం మా బందరు కోమట్లు కలలో కూడా చెయ్యరు. ఇంత అప్పుల్లో ఉన్న రాజుకు బొమ్మలో దర్జా ఇంకా ఎక్కువ కావలసి వచ్చింది. మైటెన్స్ చేతిలో లేనిది సరిగ్గా అదే.

1632లో ఆంట్వెర్ప్ నుంచి వాన్ డైక్ వచ్చాడు. రూబెన్స్ కార్ఖానాలో తేలినవాడు, ఇటలీ చూసినవాడు, పట్టు బట్టలు కట్టి ప్రభువులాగే తిరిగేవాడు. జులై 5న రాజు ఆయన్ను సర్ ఆంథొనీ చేశాడు. మెడలో బంగారు గొలుసు, బ్లాక్‌ఫ్రయర్స్‌లో ఇల్లు, ఏటా 200 పౌన్ల పింఛను. మైటెన్స్‌ది యాభై. అంకెలు చూసుకున్నాక వేరే ఉత్తరువు అవసరం లేదు.

అవమానం మాత్రం ఒక బొమ్మ రూపంలో వచ్చింది. సోమర్సెట్ హౌస్ కోసం మైటెన్స్ రాజునూ రాణి హెన్రియెట్టా మరియానూ కలిపి వేశాడు. ఇద్దరి మధ్య ఆకుల దండ చేతులు మారుతుంటుంది. ఇద్దరూ బుద్ధిగా నిలబడ్డారు, ఎవరి కాళ్ళ మీద వాళ్ళు. వాన్ డైక్‌ను అదే బొమ్మ, అదే కూర్పు, మళ్ళీ వెయ్యమన్నారు. ఆయన వేశాడు. రాణి కాస్త ముందుకు ఒరిగింది, పట్టు కదిలింది, కళ్ళలో తడి వచ్చింది. కొత్తది గోడెక్కింది, పాతది దిగింది. ఒకడు కష్టపడి కట్టిన కూర్పు మీద ఇంకొకడు వచ్చి పైమెరుగు పెట్టి పేరు కొట్టెయ్యడం నా కళ్ళ ముందు కూడా జరిగింది, కాబట్టి ఈ విషయంలో నాకు పక్షపాతం ఉంది, దాచను. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే వాన్ డైక్‌దే బాగుంటుంది. ఏం చెయ్యను.

రాజు పొట్టితనాన్ని వాన్ డైక్ ఏం చేశాడో చూడాలంటే పారిస్ లూవ్ర్‌లో ఉన్న వేట బొమ్మ చూడాలి, 1635 ప్రాంతానిది. గుర్రం తల బాగా వంచేసింది, దణ్ణం పెడుతున్నట్టు. గుర్రపువాడు వెనక నీడలోకి ఒదిగిపోయాడు. రాజు మిట్ట మీద, చూసేవాడి కళ్ళు పల్లంలో. పైన ఆకాశం, కింద సముద్రం, మధ్యలో రాజుగారి నల్ల టోపీ అంచు, చేతిలో కర్ర, మోచెయ్యి మనవైపు పొడుచుకొచ్చి. ఒక్క అంగుళం అబద్ధమాడలేదు, చుట్టూ ఉన్నవాటినే పొట్టి చేశాడు. మైటెన్స్‌కు ఈ కిటుకు చేతకాక కాదు, అలాంటిది తట్టే స్వభావం కాదని నా ఉద్దేశం. ఆయన కర్ర ఉన్న మనిషిని వేశాడు. వాన్ డైక్ ఆ కర్రకే పెత్తనం ఇచ్చాడు.

వాన్ డైక్ పని తీరును తరవాత రోజే డ పీల్ అనే ఫ్రెంచివాడు, దగ్గరగా చూసినవాళ్ళ నోట విని రాశాడు. ఒక మనిషికి ఒక పూట గంటకు మించి ఇచ్చేవాడు కాదట. గంట కాగానే లేచి వంగి సెలవు తీసుకునేవాడు, నౌకరు వచ్చి కుంచెలు మార్చేవాడు, రెండో ఆసామి లోపలికి. బూడిదరంగు కాయితం మీద సుద్దముక్కతో భంగిమ గీసి, బట్టలు తెప్పించి శిష్యుల చేతిలో పెట్టేవాడు. చేతులు వెయ్యడానికి నమూనాగా కూర్చునే కూలి మనుషులుండేవారు, అందుకే ఆయన బొమ్మల్లో అందరి వేళ్ళూ అంత నాజూకు. ఆయనకూ చివరికి బాకీలే మిగిలాయి. 1638లో ఆయన పెట్టిన బిల్లులో రాజు స్వయంగా కలం పెట్టి కోతలు కోశాడు. ఆ వేట బొమ్మకు 200 పౌన్లు వేస్తే 100 చేశాడు. అయిదేళ్ళ పింఛను అప్పటికి అందనేలేదు.

వాన్ డైక్ రాగానే మైటెన్స్ రాజు దగ్గరకెళ్ళి సెలవిమ్మన్నాడనీ, ఇద్దరికీ సరిపడా పనుందిలే అని రాజు ఓదార్చాడనీ పాత పుస్తకాల్లో కథ ఉంది. వాన్ డైక్ తన సమకాలికుల వరస బొమ్మల్లో మైటెన్స్‌నూ చేర్చాడు, పాంటియస్ దాన్ని రాగిరేకు మీద చెక్కాడు. కనక ఇద్దరి మధ్య పగ ఉందనుకోవడానికి లేదు. 1634 ప్రాంతంలో మైటెన్స్ హేగ్‌కు తిరిగి వెళ్ళిపోయాడు. అక్కడ పాత ఆసామి అరండెల్‌కు బొమ్మలు కొనిపెట్టే ఏజెంటుగా పనిచేశాడు. తన కుంచెతో ఆ తర్వాత వేసినవి చాలా కొద్ది. 1647లో పోయాడు.

ఆ దర్బారులో ఇంకొక డచ్చివాడి ముగింపు దీనికన్నా దారుణం. అబ్రహాం వాన్ డెర్ డోర్ట్ రాజు చిత్రాలకు కాపలాదారు. ఏ గదిలో ఏ బొమ్మ, ఎంత సైజు, చట్రానికి బంగారుపూత ఉందా లేదా, ఎవరి దగ్గర కొన్నది, అన్నీ రాసిపెట్టాడు. ఆయన జాబితా లేకపోతే ఈ వ్యాసంలో సగం లేదు. 1640లో ఉరి వేసుకున్నాడు. భద్రంగా దాచమని రాజు ఇచ్చిన చిన్న బొమ్మ ఒకటి ఎక్కడ పెట్టాడో దొరకలేదన్న భయంతోనే ఆ పని చేశాడని అప్పట్లో చెప్పుకున్నారు.

1649 జనవరి 30న, చలికి వణికితే భయపడ్డాడనుకుంటారని రెండు చొక్కాలు తొడుక్కుని, పార్లమెంటుతో యుద్ధంలో ఓడి మరణశిక్ష పడ్డ చార్లెస్ బాంక్వెటింగ్ హౌస్ కిటికీలోంచి తల తీసే మంచె మీదికి నడిచాడు. ఆ హాలు పైకప్పున తన తండ్రిని స్వర్గానికి చేరుస్తున్న రూబెన్స్ బొమ్మలున్నాయి, తానే తెప్పించి పెట్టించినవి. ఆ ఏడు నుంచే సోమర్సెట్ హౌస్‌లో రాజు సొత్తు అమ్మకం మొదలయింది. పదిహేను వందలకు పైగా చిత్రాలు. బాకీల వాళ్ళకు నగదు బదులు బొమ్మలు పంచారు. రాజభవనాల సీసపు గొట్టాలు చూసే ప్లంబరుకు బస్సానో చిత్రం వచ్చింది. జీవితమంతా సీసంతో గడిపినవాడికి సీసపు తెలుపులో తేలిన బొమ్మ.

మైటెన్స్ వేసినవాటిలో అన్నిటికన్నా గొప్పది రాజు బొమ్మ కాదు. స్కాట్లండు ప్రభువు హామిల్టన్‌ది, 1629లో వేసింది, ఎడిన్‌బరోలో ఉంది. కుర్రాడు, వెండిలాంటి బట్టలు, చుట్టూ ఏమీ లేదు. దర్బారు హంగులు పెట్టమని ఎవరూ నెత్తిన కూర్చోకపోతే ఆ చెయ్యి ఏం చేయగలదో అక్కడ తెలుస్తుంది. రాజు పోయిన అయిదు వారాలకు ఆ హామిల్టన్ తలా పోయింది.

1660లో రెండో చార్లెస్ హేగ్ నుంచి ఓడెక్కి లండన్ వచ్చి రాజయ్యాడు. హాలండు ప్రభుత్వం మంచి చేసుకోవడానికి 28 చిత్రాలు కానుక పంపింది, ఎక్కువ ఇటలీ పనితనమే. దర్బారు చిత్రకారుడిగా కుదిరింది మళ్ళీ డచ్చివాడే, హార్లెంలో పని నేర్చిన పీటర్ లెలీ. 1661లో ఆయనకు పింఛను రాస్తూ పూర్వం వాన్ డైక్‌కు ఇచ్చినంత అని 200 పౌన్లే వేశారు, మైటెన్స్ యాభై ఎవరికీ గుర్తులేదు. లెలీ దుకాణంలో భంగిమలకు నంబర్లుండేవి. వచ్చిన ఆసామి ఫలానా నంబరు అని చెబితే చాలు, శిష్యులు ఒళ్ళూ బట్టలూ మొదలుపెట్టేసేవారు. 1671 నాటికి తల వరకు 20 పౌన్లు, నడుం వరకు 30, నిలువెత్తుకు 60. వాటిలో లెలీ చెయ్యి పడిందని నమ్మకంగా చెప్పగలిగింది మాత్రం మొదటి ఇరవై వరకే.